నల్లమల రాళ్లలో సముద్రం

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

కిందటి సంచికలో శ్రీశైలం దారి గురించి రాస్తూ, నల్లమల కొండల రాయి అంతా ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న ఇసుకా బురదా సున్నమేనని మాటవరసకు ఒక వాక్యం రాశాను. మిగిలిన వ్యాసాన్ని పక్కన పెట్టి ఆ వాక్యాన్నే పట్టుకుని గుంటూరు, విజయవాడ, పల్నాడు పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఆరింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మీరు రాసినది ఏడో తరగతిలో చదివి వినిపించాను. అది సముద్రమే అయితే ఆ కొండల్లో గవ్వలూ చేపల ఎముకలూ దొరకాలి కదా అని ఒక పిల్లవాడు అడిగాడు. నాకు జవాబు తోచలేదు.
– ఒక ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ఆ పిల్లవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. అవి దొరకవు. సముద్రం లేక కాదు, గవ్వ కట్టుకునే జీవి గాని ఎముక ఉన్న జీవి గాని ఆ కాలానికి ఇంకా పుట్టక. నల్లమల, ఎర్రమల, పాలకొండలు, శేషాచలం, వెలికొండలు అని మనం వేరువేరుగా పిలుచుకునే కొండలన్నీ భూవిజ్ఞానులు కడప బేసిన్ అనే ఒకే పెద్ద పల్లంలోనివి. నెలవంక ఆకారంలో ఉన్న ఆ పల్లం విస్తీర్ణం సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. అందులో అన్నిటికన్నా అడుగున ఉన్న పొరలు పేరుకుని 190 కోట్ల ఏళ్లు దాటింది. గట్టి గుల్ల ఉన్న జంతువులు విరివిగా కనిపించడం మొదలైనదేమో సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట. వెన్నెముక గల చేపలు బాగా విస్తరించినది ఆ తరవాతే. నల్లమల రాయిలో చేప ముల్లును వెతకడమంటే తాత పెళ్లి ఫోటోలో మనవణ్ణి వెతకడమే.

అలాగని ఆ నీటిలో ప్రాణమే లేదని అనుకోకూడదు. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు డోలమైటు (ఒక రకం సున్నపురాయి) రాళ్లలో, అడ్డంగా కోసిన క్యాబేజీలా పొర మీద పొరగా ఉబ్బిన గుండ్రటి ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. కంటికి కనిపించనంత చిన్నవైన నీలి-ఆకుపచ్చ సూక్ష్మజీవులు తీరం దగ్గర లోతులేని నీటిలో జిగురు చాపలా పరుచుకుని, నీటిలో తేలివచ్చే సున్నపు రేణువులను పట్టి ఉంచి, అవి కప్పేసినప్పుడల్లా వెలుతురు కోసం పైకి పాకి మళ్లీ ఒక పొర అల్లుకోగా, వేల ఏళ్లలో ఆ గోపురాలు కట్టుబడ్డాయి. ఇలాంటివి ఈనాటికీ ఆస్ట్రేలియా పడమటి తీరంలోని షార్క్ బే అనే అఖాతంలో పెరుగుతున్నాయి. మనం పీల్చే ప్రాణవాయువు భూమి మీది గాలిలోకి మొదట చేరినది ఈ జాతి జీవుల వల్లనే.

పిల్లలకు హిమాలయాలతో పోల్చి చెప్పండి. గండకీ నది సాలగ్రామాలు మన ఇళ్లలో పూజామందిరాల్లోనే ఉంటాయి. వాటిలోని చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల మిగిల్చిన ముద్ర. ఎవరెస్ట్ శిఖరం మీది రాయి కూడా సముద్రపు సున్నపురాయే, అందులోనూ జీవుల అవశేషాలు ఉన్నాయి. అయితే భారత భూఖండం ఆసియాను ఢీకొని టెథిస్ సముద్రపు అడుగును పైకి లేపడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే అయింది. వయసులో నల్లమల ముందు హిమాలయం నిన్నటి బిడ్డ.

సముద్రం ఉండేదనడానికి చేత్తో తాకి చూసే ఆధారం కావాలంటే మరొకటి ఉంది. సూర్యలంకలో ఆటు తీసిన తరవాత తడి ఇసుక మీద అలలు గీసిపోయిన సన్నని వరస గీతలను మీ పిల్లలు చూసే ఉంటారు. సరిగ్గా అవే గీతలు, అదే ఎడంతో, ఇసుకరాయి గట్టిపడి అయిన నల్లమల క్వార్ట్‌జైట్ పలకల మీద రాయిగా గట్టిపడి ఉన్నాయి. ఎర్రటి ఎండలో ఆ రాతి మీద అరచేయి ఆనించి చూస్తే నీరు ఏ దిక్కుకు కదిలిందో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: కడప బేసిన్‌లో పేరుకున్న పొరల మందం 12 కిలోమీటర్ల దాకా ఉంటుందని ఎక్కడో చదివాను. సముద్రం అంత లోతుగా ఉండేదా? అడుగున ఉన్నది కొండ ఎలా అయింది?
– విశ్రాంత ఇంజినీరు, పటమట, విజయవాడ

సమాధానం: అయ్యా, లోతు వేరు, మందం వేరు. ఇంతకుముందు చెప్పిన అలల గీతలు లోతులేని నీటిలోనే పడతాయి. అవి అడుగు పొరల్లోనూ ఉన్నాయి, వాటికి కిలోమీటర్ల పైన ఉన్న పొరల్లోనూ ఉన్నాయి. అంటే ఆ సముద్రం ఎప్పుడూ చాలావరకు లోతులేని నీరే. దాని అడుగు మాత్రం కుంగుతూ వచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు ఎక్కించేకొద్దీ లారీ కమాను కట్టలు దిగినట్లు, నదులు తెచ్చి పోసిన ఇసుకా బురదల బరువుకు నేల దిగింది. భూమి పైపెంకు సాగి పలచబడడం వల్ల అది తనంతట తాను కూడా కొంత దిగింది. దిగిన మేరకు మళ్లీ నిండింది. ఇలా కోట్ల ఏళ్లు జరిగింది. పైగా ఆ 12 కిలోమీటర్లు ఏ ఒక్కచోటో నిలువునా లేవు; వేరువేరు చోట్ల కొలిచిన వరసల మందాలను కలిపితే వచ్చే లెక్క అది. ఈ వరసలను మొదట క్రమంగా పరిశీలించి, కడప శిలలు, కర్నూలు శిలలు అని రెండుగా విడదీసి వివరించినవాడు భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్. ఆయన గ్రంథం 1872లో వెలువడింది. ఆయన ఊళ్లను బట్టి పెట్టిన పేర్లు ఎన్నో ఈనాటికీ వాడుకలో ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. సముద్రపు అడుగు అన్నప్పుడు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి, ఖండం అంచున నీరు ఎక్కిన పల్లంలో పేరుకున్న మట్టి, నల్లమల అలాంటిది. రెండవది, నడి సముద్రం కింద లావా చల్లారి ఏర్పడిన అసలు పెంకు. అది చాలా అరుదుగా నేల మీదికి నెట్టుకువస్తుంది. అలా వచ్చిన ముక్కను ఓఫియోలైటు అంటారు. పాత నెల్లూరు జిల్లా కండ్ర దగ్గర సుమారు 185 కోట్ల ఏళ్ల నాటి ఓఫియోలైటు ఉందని భూవిజ్ఞానులు గుర్తించారు. అంటే కడప పల్లానికి తూర్పున నిజమైన మహాసముద్రం ఒకటి ఉండి మూసుకుపోయిందన్నమాట.

ఆ మూసుకుపోవడంలోనూ, తరవాత వచ్చిన ఒత్తిళ్లలోనూ తూర్పు నుంచి పడమటికి బలమైన తోపు తగిలింది. తోపు తగిలిన తూర్పు సగమే నల్లమల. బల్ల మీద పరిచిన దుప్పటిని ఒక అంచున పట్టి నెడితే మడతలు పడతాయి కదా, ఉత్తర దక్షిణాలుగా సాగే నల్లమల వరసలు ఆ మడతలే. తోపు అందని పడమటి వైపున పొరలు చెక్కుచెదరలేదు; గండికోటలో పెన్నానది కోసిన గండి గోడల మీద పొరలు పుస్తకంలో కాగితాల్లా దాదాపు సమంగా పరుచుకుని కనిపించడానికి కారణం అదే. ఈ రెండు చోట్లను ఒకే ప్రయాణంలో చూసినవారికి వేరే పాఠం చెప్పనక్కరలేదు.

నలిగినప్పుడు ఇసుకరాయి క్వార్ట్‌జైట్ అయింది, బురద పలకరాయి అయింది. అక్షరాభ్యాసంనాడు మీరూ నేనూ ఓనమాలు దిద్దిన మార్కాపురం పలక ఆ బురదే. ఒత్తిడికి అందులోని రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి పడుకోబట్టే అది అంత పలచగా, నున్నగా చీలుతుంది.

ప్రశ్న: ఇంద్రకీలాద్రి కూడా సముద్రంలో పుట్టినదేనా?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

సమాధానం: వెనక్కి చాలా దూరం వెళితే, కొంతవరకు అవును. బెజవాడ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైటు. ఒడిశాలోని ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన మాట అది. అది కూడా మొదట బంకమట్టే. కాని తూర్పు కనుమలు ఏర్పడిన కాలంలో పెంకులోకి ఎంతో లోతుకు దిగి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో మగ్గి, ఎర్రటి గార్నెట్ గింజలు మొలిచి, పాత రూపం పూర్తిగా పోగొట్టుకుంది. అలల గీతలు ఇక్కడ వెతకవద్దు. నల్లమలది ఎండిన ఇటుక అనుకుంటే ఇది బట్టీలో కాల్చినది. కొండపల్లి మాత్రం వేరే కథ: అక్కడ ఎక్కువ భాగం భూగర్భంలో శిలాద్రవం చల్లారి ఏర్పడిన రాయి, అందుకే క్రోమియం ఖనిజమైన క్రోమైటు దొరికింది.

ప్రశ్న: గుంటూరు నుంచి నంద్యాలకు రైల్లో తరచుగా వెళ్తుంటాను. గిద్దలూరు దాటాక అడవి ఒక్కసారిగా మారిపోతుంది. రాయికీ అడవికీ సంబంధం ఉందా? ఆ అడవిలో ఉండే జంతువుల గురించి కూడా వివరించగలరా?
– డిగ్రీ విద్యార్థి, నరసరావుపేట

సమాధానం: ఉంది. ఆ రైలు మార్గం కన్నా మంచి పాఠ్యపుస్తకం ఈ విషయానికి లేదని నా అభిప్రాయం. వినుకొండ దాకా కిటికీలోంచి కనిపించే గుండ్రటి బండకొండలు సముద్రానికి సంబంధించినవి కావు. అవి గ్రానైటు, గ్నైసు జాతివి. మార్కాపురం రోడ్డు, కంభం వచ్చేసరికి మీరు పాత సముద్రపు బురద మీద ఉన్నారు. పలకరాయి మెత్తన, త్వరగా అరుగుతుంది, అందుకే అక్కడ లోయ ఏర్పడి, ఊళ్లూ పొలాలూ కంభం చెరువూ ఆ లోయలో కుదురుకున్నాయి. దిగువమెట్ట దాటాక సముద్రపు ఇసుక మొదలవుతుంది. క్వార్ట్‌జైట్ అరగదు, చుట్టూ ఉన్నది కొట్టుకుపోతే అది గోడలా నిలిచిపోయింది. బొగద సొరంగం ఆ వరసలను తొలుచుకుని వెళ్లినదే. చలమ, గాజులపల్లె దాటి నంద్యాల మైదానంలోకి దిగితే మళ్లీ బురదరాళ్లూ సున్నపురాళ్లూ, వాటి మీద నల్లరేగడి.

ఇక అడవి. క్వార్ట్‌జైట్ గుట్టల మీద మట్టి జానెడు కూడా ఉండదు. పడిన వాన పడినట్లే జారిపోతుంది. కాబట్టి అక్కడ అందుగ, తిరుమాను, నారేపి వంటి, ఎండను ఓర్చుకుని ఆకు రాల్చి నిలబడే చెట్లే ఉంటాయి, పైభాగాన బోదగడ్డి. దక్షిణాన గిద్దలూరు అడవుల నుంచి శేషాచలం దాకా ఎర్రచందనం కూడా ఈ రాతి నేలనే కోరుకుంటుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టు, సారవంతమైన నేల చూపిస్తే పొంగిపోయే రకం కాదు. అదే లోయల్లోకి దిగితే మట్టి లోతు పెరిగి టేకు, వెదురు, వాగుల వెంట తెల్లమద్ది వస్తాయి. జారిపోయిన వాన అంతా వృథా కాదు. క్వార్ట్‌జైట్ ముక్కకు నీరు పట్టదు గాని, మడతలు పడినప్పుడు పగిలిన సందుల్లోకి దిగి కొండ పాదంలో ఊటలుగా బయటికి వస్తుంది. మహానంది కోనేరు వేసవిలోనూ నిండుగా ఉండడం అటువంటి ఊట వల్లనే.

జంతువులు ఈ నీటినీ నీడనూ బట్టి సర్దుకున్నాయి. దుప్పులు లోయల పచ్చికలో, కణుతులు వాలు అడవుల్లో, కొండగొర్రెలు పొడి గడ్డి మైదానాల్లో, వాటి వెనుక పులి, చిరుత, రేచుకుక్కలు. రాతి గుహలూ చెదపుట్టలూ రెండూ దగ్గరగా దొరికే చోట ఎలుగుబంటి. కృష్ణ నల్లమలను కోసుకుంటూ వెళ్లే గండిలో మొసళ్లు. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల ప్రాజెక్టులో చేర్చారు. అప్పటి గుంటూరు జిల్లాతో కలిపి అయిదు జిల్లాల్లో అది విస్తరించి ఉండేది. రాష్ట్ర విభజన తరవాత కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. ఇవతలి నాగార్జునసాగర్–శ్రీశైలం భాగమే మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. వీటన్నిటి మధ్య పెంటలు అనే చిన్న గూడేల్లో చెంచులు ఉంటున్నారు. కొండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్ల కోసం తాళ్ల మీద దిగే వారికి ఏ చరియ రాయి పట్టు ఇస్తుందో, ఏది ఊడివస్తుందో మన కన్నా బాగా తెలుసు.

పులి గురించి అందరూ రాస్తారు. నాకు ఆసక్తి కలిగించేవి చిన్న ప్రాణులు. మీరు వెళ్లే రైలు దారికే సంబంధించినది ఒకటి చెబుతాను. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన ఒక పెద్ద సాలీడును వర్ణించాడు. ఒళ్లంతా నెమలికంఠం నీలం. తరవాత గుత్తి చుట్టుపక్కల ఎంత వెతికినా అది కనిపించలేదు. నూరేళ్లు గడిచాక, 2001లో, నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమనున్న అడవిలో, పాత చెట్ల తొర్రల్లో అది బతికి ఉన్నట్లు తేలింది. అసలు నివాసం నల్లమలే. మొదటిది కట్టెల బండిలో ఎక్కి రైలు మీద గుత్తికి చేరిందని పరిశోధకుల ఊహ. టిక్కెట్టు లేని ఆ ప్రయాణం వల్ల నూరేళ్లపాటు దానికి తప్పుడు చిరునామా మిగిలింది. ఇప్పుడు అది అంతరించే ప్రమాదం అంచున ఉన్న ప్రాణి. తొర్ర ఉన్న ముసలి చెట్టు కూలితే దానికి ఇల్లు లేదు.

నాగార్జునసాగర్ కొండల్లో దొరికిన ఒక సన్నని, విషం లేని పామును 1976లో కొత్త జాతిగా వర్ణించారు. శేషాచలంలో బంగారు బల్లి ఉంది; వాగు పక్కన చల్లటి రాతి చీలికల్లో ఉంటూ, చరియల అడుగు భాగాన రాతికే గుడ్లను అతికిస్తుంది. పొరలు పొరలుగా చీలి, కింద నీడనిచ్చే ఈ రాయి లేకపోతే ఆ బల్లి లేదు. కలివికోడి మాట అందరికీ తెలిసిందే: 1848లో జెర్డాన్ అనే ఆంగ్ల పక్షి శాస్త్రవేత్త వెలుగులోకి తెచ్చిన ఈ పక్షి అంతరించిపోయిందని అనుకుంటుండగా 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. కొండ పాదంలో, క్వార్ట్‌జైట్ అరిగి రాలిన గులకరాళ్ల నేల మీద, పొదల నడుమ ఖాళీల్లో రాత్రిపూట తిరిగే పక్షి అది. పొద మరీ ఒత్తయినా ఉండదు, దున్ని చదును చేసినా ఉండదు.

ప్రశ్న: వినుకొండ దగ్గర అగ్నిగుండాలలో సీసం, రాగి దొరకడానికీ మీరు చెప్పే సముద్రానికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, వినుకొండ

సమాధానం: ఉంది. అగ్నిగుండాల గనుల్లోని బండలమొట్టు సీసం ఉన్నది డోలమైటు రాయిలో, అంటే ఆ సముద్రపు సున్నపు పొరలోనే. కంభం లోయ పలకరాళ్లూ ఈ డోలమైటూ ఒకే వరసకు చెందినవి. ధూకొండ, నల్లకొండ రాగి నిక్షేపాలు కూడా అక్కడివే.

ప్రశ్న: మా పాత ఇంటికి నాపరాళ్లు మార్చేటప్పుడు ఒక రాయి మీద నల్లగా చెట్టు కొమ్మల ఆకారాలు కనిపించాయి. ఆకుల సిరలు కూడా ఉన్నట్లే ఉంది. ఇది శిలాజమా? పల్నాటి రాయి అని వ్యాపారి చెప్పాడు. మ్యూజియంకు ఇవ్వమంటారా?
– ఒక గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: శిలాజం కాదమ్మా, నిరుత్సాహపడకండి. నేను కూడా విద్యార్థిగా ఉన్నప్పుడు అలాంటి రాయినే పట్టుకుని మా అధ్యాపకుల దగ్గరికి పరుగెత్తినవాణ్ణి. ఆయన నవ్వలేదు, భూతద్దం చేతికిచ్చారు. పొరల మధ్య సన్నని సందులోకి ఇంకిన నీటిలో మాంగనీసు లవణాలు ఉంటే, నీరు ఆరిపోతున్నప్పుడు అవి కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. చలిదేశాల్లో కిటికీ అద్దాల మీద మంచు పూలు పూసినట్లు. డెండ్రైటు అంటారు. గుర్తుపట్టడం తేలిక: ఆకుకు ఉండే ఆకారం దీనికి ఉండదు, ఏ కొమ్మా మరో కొమ్మను దాటదు, అన్నీ రాతి చీలిక అంచు నుంచో పగులు నుంచో లోపలికి పాకుతాయి.

రాయి మాత్రం వ్యాపారి చెప్పినదే. మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతపు సున్నపురాయి కర్నూలు శిలల వరసలోనిది. నల్లమల మడతల కన్నా చాలా తరవాత, మళ్లీ నీరు ఎక్కినప్పుడు పేరుకున్నది. పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమయ్యేదీ, సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడి అయ్యేదీ అదే. గుత్తికొండ బిలం నీరు కరిగించి తొలిచినదీ ఆ రాయినే. రెండు వేల ఏళ్ల కిందట అమరావతి స్తూపానికీ, ఆ తరవాత నాగార్జునకొండ విహారాలకూ శిల్పులు ఎంచుకున్నది కూడా పల్నాటి సున్నపురాయినే. ఉలికి లొంగేటంత మెత్తన, ముక్కు కొనా వేలి గోరూ నిలిచేటంత సన్నని రేణువు. గ్రానైటులో ఆ పని సాధ్యం కాదు. చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్న అమరావతి ఫలకాలకూ మీ వంటింటి నేలకూ రాయి ఒక్కటే.

అందుచేత మ్యూజియంకు ఇవ్వనవసరం లేదు. మేస్త్రీతో చెప్పి ఆ రాయిని కాళ్లు ఎక్కువగా పడని గోడ వారన, బొమ్మ ఉన్న వైపు పైకి వచ్చేలా వేయించండి. పాలిష్ మిషను మాత్రం దాని మీద ఆడించనివ్వకండి. ఆ కొమ్మలు కాగితమంత పలచన, ఒక్క రుద్దుకే పోతాయి. నిమ్మరసం, యాసిడ్ తగలనివ్వవద్దు, సున్నపురాయి పొంగి కరుగుతుంది.